పిల్లల చేతికి కెమెరా: ఇంటిల్లిపాదీ కలిసి ఫోటోలు తీయడం ఎలా మొదలుపెట్టాలి?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

అందరికీ నమస్కారం. మాకు తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. పోయిన నెల ఇంటికి సున్నం వేయిస్తున్నప్పుడు అటక మీది ట్రంకుపెట్టెలో, మా పెళ్ళైన కొత్తలో కొన్న చిన్న డిజిటల్ కెమెరా బయటపడింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంటుందనుకున్నాము గాని, రాత్రంతా ఛార్జింగు పెడితే పొద్దునకు పచ్చ దీపం వెలిగింది. ఆ ఆదివారం సాయంత్రం నలుగురం కొండారెడ్డి బురుజు దగ్గరికి వెళ్ళి కెమెరాను పాప చేతికి ఇచ్చాము. గంటన్నరలో నూట నలభై ఫోటోలు తీసింది. అందులో అరవై దాకా గోడ నీడన పడుకున్న ఒక గోధుమరంగు కుక్కవి. బురుజుది ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంటికి వచ్చాక, కార్డులో చోటు చాలదన్న ఉద్దేశంతో, బాగాలేవని నాకు తోచినవన్నీ నేనే చెరిపేశాను. పాప ఆ రాత్రి అన్నం తినలేదు, మరునాటి నుంచి కెమెరా ముట్టుకోలేదు.

సంగీతం, చదరంగం, అబాకస్ అంటూ పిల్లలు ఇప్పటికే వారమంతా ఏదో ఒక తరగతికి వెళ్తున్నారు. ఇది ఇంకొక ట్యూషన్ కాకుండా, మా వారూ నేనూ మా అత్తగారూ కూడా పాలుపంచుకునే పనిగా ఉండాలని మా కోరిక. ఫోన్ ఇస్తే వీడియోల్లో పడిపోతారన్న భయం కూడా ఉంది. ఇళ్ళలో ఇలాంటి ప్రయత్నం చేసినవారు ఎక్కడ మొదలుపెట్టారో చెప్పగలరు.

పెన్నా గట్టు (జమ్మలమడుగు):

అమ్మా, ముప్పై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపి, ఇప్పుడు అంగడి అబ్బాయికి అప్పగించి ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి. ముందు తొందరగా చేయవలసిన పని చెబుతాను. ఆ కార్డును కెమెరాలోంచి తీసి పక్కన పెట్టండి. దాని మీద కొత్తగా ఒక్క ఫోటో కూడా తీయవద్దు. చెరిపినప్పుడు కెమెరా ఫోటోను వెంటనే తుడిచివేయదు, ఆ చోటు ఖాళీ అయిందని తన పట్టికలో రాసుకుంటుంది. కొత్త ఫోటో వచ్చి ఆ చోట కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. కార్డు రీడరుతో కంప్యూటరుకు తగిలించి, ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో వెతికితే చాలావరకు తిరిగి వస్తాయి. పాపను పక్కన కూర్చోబెట్టుకొని మరీ ఈ పని చేయండి. ఇకపై ఎవరు తీసిన ఫోటోను వారే చెరపాలన్నది ఇంటి కట్టడిగా పెట్టుకోండి. మా స్టూడియోలో పని నేర్చుకునే కుర్రవాడు నెగటివ్ పాడుచేస్తే, అది ఎందుకు పాడైందో వాడి నోటితోనే చెప్పించి, వాడి చేతితోనే బుట్టలో వేయించేవాణ్ణి.

రెండో సంగతి లెక్క. గంటన్నరలో నూట నలభై అంటే చూడటానికి తీరికే ఉండదు. నాకు పన్నెండో ఏట మా నాయన అగ్ఫా క్లిక్ త్రీ చేతికిచ్చాడు. మన దేశంలోనే తయారైన కెమెరా అది; ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు తప్ప తిప్పడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. రీలుకు పన్నెండు బొమ్మలు. పన్నెండూ అయిపోతే మళ్ళీ రీలు కొనిచ్చేది సంక్రాంతికే. అందుకని తీసే ముందు ఆ వస్తువు చుట్టూ తిరిగి చూసేవాణ్ణి. పిల్లల కోసమే కెమెరా చేయాలన్న ఆలోచన కూడా కొత్తది కాదు. 1900లో కొడాక్ వారు బ్రౌనీ అనే అట్టపెట్టె కెమెరాను ఒక్క డాలరుకు అమ్మింది పిల్లలను దృష్టిలో పెట్టుకొనే. మీరు కూడా ఒక విహారానికి మనిషికి పన్నెండు ఫోటోలని కట్టడి పెట్టి చూడండి. ఆ కట్టడి పెద్దలకు కూడా ఉండాలి, లేకపోతే పిల్లలు ఒప్పుకోరు.

గడియారస్తంభం (అనంతపురం):

హంద్రీ ఒడ్డు గారూ, నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఆరేళ్ళ బాబు ఉన్నాడన్నారు కనుక, కెమెరా లేని చోట మొదలుపెట్టమంటాను.

ఎండ బాగా కాసే వేళ ఒక వేపచెట్టు కిందికి వెళ్ళి, నేల మీద పడే వెలుగు చుక్కలను చూపించండి. ఆకుల మధ్య సందులు ఒక్కొక్కటి ఒక్కో ఆకారంలో, కోణాలు కోణాలుగా ఉంటాయి. కింద పడిన చుక్కలు మాత్రం గుండ్రంగానో, ఎండ ఏటవాలుగా ఉంటే కోడిగుడ్డు ఆకారంలోనో ఉంటాయి. ఎందుకంటే నేల మీద పడింది సూర్యుని బొమ్మే. కొమ్మ మూడు మీటర్ల ఎత్తున ఉంటే ఆ బొమ్మ వెడల్పు రమారమి మూడు సెంటీమీటర్లు వస్తుంది. ఎత్తును నూట తొమ్మిదితో భాగిస్తే చాలు. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం పట్టినప్పుడు మా వీధి వేపచెట్టు కింద వందల నెలవంకలు పరచుకున్నాయి. గ్రహణం వేళ బయటికి రాకూడదని తలుపులు వేసుకున్న ఇళ్ళ పిల్లలను కూడా బతిమాలి పిలుచుకొని వచ్చి, పైకి చూడనీయకుండా నేలనే చూపించాను. వారిలో ఒక పిల్ల తన తెల్ల గౌను కొంగు చాచి ఆ నెలవంకలను పట్టుకోవడానికి ప్రయత్నించింది. నేను ఎన్ని బ్లాక్‌బోర్డు బొమ్మలు గీసినా ఆ పాఠం అంత బాగా చెప్పి ఉండను.

తరువాత ఇంట్లోనే పెట్టె చేయండి. చెప్పుల అట్టపెట్టె ఒకవైపు సన్నని సూదితో ఒకే ఒక రంధ్రం చేసి, ఎదురువైపు గోడను చతురస్రంగా కోసి అక్కడ నూనె కాగితం అతికించండి. పెద్దవారు తల మీద, పెట్టె మీద కలిపి నల్లటి దుప్పటి కప్పుకొని, రంధ్రాన్ని ఎండలో ఉన్న గోడ వైపు తిప్పితే కాగితం మీద వీధి తలకిందులుగా కనిపిస్తుంది. రంధ్రం పెద్దదైతే బొమ్మ వెలుగుగా ఉంటుంది గాని మసకబారుతుంది. సన్నదైతే స్పష్టంగా ఉంటుంది గాని చీకటిగా ఉంటుంది. పిల్లవాడు ఈ బేరాన్ని కళ్ళారా చూస్తే, రేపు కెమెరాలో అపర్చర్ గురించి, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం గురించి, మీరు వేరుగా చెప్పవలసిన పని ఉండదు. పెట్టెతో గాని కెమెరాతో గాని సూర్యుణ్ణి నేరుగా చూడకూడదన్న మాట మాత్రం ఒకటికి పదిసార్లు చెప్పండి.

బట్టమేక (నందికొట్కూరు):

పెన్నా గట్టు గారి అనుభవం ముందు నాది చిన్నదే గాని, పన్నెండు ఫోటోల కట్టడితో నేను ఏకీభవించలేను. ఆ పాప ఒకే కుక్కను అరవైసార్లు తీసిందంటే అది గాలివాటపు పని కాదు. ఒక ప్రాణిని గంటసేపు విడవకుండా గమనించింది. పిట్టల ఫోటోలు తీసేవాళ్ళం చేసేది అదే. ఎగిరే పిట్టను పన్నెండు ఫోటోల్లో పట్టుకోమంటే నాకూ చేతకాదు. షట్టరు వేగం, అంటే కెమెరా వెలుగును లోపలికి వదిలే సమయం, సెకనులో వెయ్యో వంతు పెట్టుకొని, ముప్పై తీస్తే ఒకదానిలో కన్ను స్పష్టంగా వస్తుంది. లెక్కలేకుండా తీయనివ్వండి, ఇంటికి వచ్చాక వారి చేతనే ఐదు ఏరించండి. నేర్చుకునేది ఆ ఏరడంలోనే అని నా అభిప్రాయం.

మా ఇద్దరు అబ్బాయిలను ఏడేళ్ళ వయసు నుంచి రోళ్ళపాడుకు తీసుకొని వెళ్తున్నాను. 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యంగా ప్రకటించిన గడ్డిభూములవి. ఆ పిట్ట కంటబడటం ఇటీవలి ఏళ్ళలో ఎంతో అరుదైపోయింది గాని, కృష్ణజింకలకు కొదవ లేదు. జింక మందను తీయాలంటే గాలికి ఎదురుగా, మాట్లాడకుండా కూర్చోవాలి. అరగంట నోరు మూసుకొని కూర్చోవడం మా చిన్నవాడు కెమెరా వల్లనే నేర్చుకున్నాడు, ఇంట్లో ఆ విద్య ఇప్పటికీ పనిచేయదు.

గూళ్ళ జోలికి మాత్రం పోనివ్వకండి. చిలమత్తూరు దగ్గరి వీరాపురానికి ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళోని చెట్ల మీదే గూళ్ళు కడతాయి. ఆ ఊరివారు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. అలాంటి చోట ఫ్లాష్ వెలిగించడం, కొమ్మ కదిలించడం, పిట్ట ఎగరాలని చప్పట్లు కొట్టడం పాపమని పిల్లలకు ముందే చెప్పాలి.

ఫోన్ విషయంలో భయపడకండి. పాత ఫోన్‌లో సిమ్ తీసేసి, ఆటలూ వీడియోలూ తొలగించి, సెట్టింగులలో కెమెరా ఒక్కటే తెర మీద నిలిచేలా పిన్ చేయవచ్చు. బయటికి రావాలంటే మీ పాస్‌వర్డ్ కావాలి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

నెల రోజుల తరువాత వస్తున్నాను. చెప్పవలసినవి చాలా ఉన్నాయి.

పెన్నా గట్టు గారు చెప్పినట్టే మా వారు ఒక రాత్రి కూర్చొని కార్డును వెతికారు. చెరిపినవాటిలో చాలావరకు తిరిగి వచ్చాయి. తెర మీద కుక్క ఒక్కొక్కటిగా లేచి వస్తుంటే పాప మా వారి ఒడిలోంచి కదలలేదు. అప్పుడు వాటిని మొదటిసారి నేను కుదురుగా చూశాను: పడుకున్న కుక్క, ఒక చెవి నిక్కబొడిచిన కుక్క, పక్కనుంచి వెళ్ళే ఆటోను చూస్తున్న కుక్క, ఆవలిస్తున్న కుక్క. వరుసగా చూస్తే అదొక కథ. నేను చెరిపింది ఆ కథ మధ్యలోని పుటలను.

కట్టడి విషయంలో ఇద్దరి మాటా కొంత కొంత విన్నాము. ఒక ఆదివారం పన్నెండు, మరో ఆదివారం లెక్కలేదు. పన్నెండు రోజున పాప ఆచితూచి తీసింది. బాబు ఇంటి గుమ్మం దాటక ముందే పన్నెండూ ముగించి, మిగిలిన దారంతా ఏడ్చాడు. వాడికి లెక్క కుదరదని తేలిపోయింది.

బాబు తీసినవి మమ్మల్ని ఆశ్చర్యపరిచాయి. వాడి ఎత్తు మూడున్నర అడుగులు. వాడి ఫోటోలలో మేమందరం గడ్డాలూ ముక్కుపుటాలూగా, వెనక తిరుగుతున్న ఫ్యానుతో సహా కనిపిస్తాము. భోజనాల బల్ల అడుగున ఎప్పుడో పాప అంటించిన స్టిక్కర్లు ఉన్నాయని మాకు వాడి ఫోటో చెప్పేదాకా తెలియదు. అన్నిటికన్నా నాకు నచ్చింది వాళ్ళ జేజి చేటలో వేరుశనగ విత్తనాలు ఏరుతున్న ఫోటో. తల లేదు, నడుము లేదు. చేట అంచు, రెండు చేతులు, అరిగిపోయిన వెండి ఉంగరం, వేళ్ళ మధ్యనుంచి జారుతున్న ఒక పుచ్చు గింజ. ముఖం రాలేదని మా అత్తగారు మొదట నొచ్చుకున్నారు గాని, మరునాడు పక్కింటావిడకు తానే పిలిచి చూపించారు.

ఒక నష్టం కూడా జరిగింది. ఓర్వకల్లు రాళ్ళ తోటలో బాబు చేతిలోంచి కెమెరా జారి బండ మీద పడింది. లెన్సు సగం బయటికి వచ్చి అక్కడే బిగుసుకుపోయింది. బాగుచేస్తామన్న ఒక అంగడివారు పది రోజులు పెట్టుకొని, విడిభాగం దొరకదని చెప్పి, బ్యాటరీ మూత కూడా పోగొట్టి తిరిగి ఇచ్చారు. మణికట్టుకు తాడు వేయకపోవడం మా తప్పే అనుకోండి. ఇప్పుడు బట్టమేక గారు చెప్పినట్టు సిమ్ లేని పాత ఫోన్‌తో నడుస్తోంది. ముఖం మీద వేలు పెట్టి నొక్కితే వెలుగు దానికి తగ్గట్టు సర్దుకుంటుందని పాప ఒక్క రోజులో పట్టేసింది. మా వారికి నేను మూడు రోజులు చెప్పాను.

దేవునిగడప (కడప):

ఈ సంభాషణ సంతోషంగా చదువుతున్నాను గాని, ఒక విషయం ఎవరూ ఎత్తలేదు కనుక చెబుతున్నాను. పిల్లలు తీసే ఫోటోలు, పిల్లలు ఉన్న ఫోటోలు ఇంటి గడప దాటే ముందు ఆలోచించాలి. మా పాప బడి దుస్తుల్లో, మెడలో గుర్తింపు కార్డుతో ఉన్న ఫోటోను మా బంధువు ఒకరు ప్రేమకొద్దీ స్టేటస్‌గా పెట్టారు. పేరు, తరగతి, బడి, ఇంటి చిరునామా అన్నీ అందులో చదువుకోవచ్చు. తీసేయమని అడిగితే నొచ్చుకున్నారు. అప్పటి నుంచి కెమెరా సెట్టింగులలో స్థలం నమోదయ్యే ఏర్పాటును ఆపేశాను. లేకపోతే తీసిన చోటు ఫోటోలోనే దాగి ఉంటుంది. పిల్లల ముఖాలు ఉన్నవి బయటి గుంపులకు పంపడం మానేశాము.

ఇతరులను తీసేటప్పుడు అడిగి తీయాలన్నది రెండో మాట. ఉగాది నాడు మా దేవుని కడప గుడికి ముస్లిం సోదరులు తరతరాలుగా వస్తారని మీకు తెలిసే ఉంటుంది. పోయినసారి పాపను ఫోన్‌తో తీసుకొని వెళ్ళాను. గుడి బయట ఒక పెద్దావిడ, మనుమరాలి చేయి పట్టుకొని కొబ్బరికాయ కొంటున్నారు. మా పాప ఎదురుగా నిలబడి ఫోన్ ఎత్తింది. నేను చేయి దించి, ముందు అడగమన్నాను. అడిగింది. ఆవిడ నవ్వి, వద్దమ్మా అన్నారు. పాప ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం ఆ రోజు జరిగిన పాఠం అదే అనిపించింది. అదే వరుసలో మరొక తాత తానే పిలిచి, టోపీ సరిచేసుకొని నిలబడ్డాడు. గర్భాలయంలో ఫోటోలు తీయరాదన్న బోర్డును పిల్లల చేతనే చదివించడం కూడా మంచి అలవాటు.

గడియారస్తంభం (అనంతపురం):

దేవునిగడప గారి మాట అక్షరాలా నిజం. తెర లేకుండా చేయగల పని మరొకటి గుర్తుకు వచ్చింది, క్లుప్తంగా చెబుతాను. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైపు అనే పద్ధతి ఉంది. ఒకప్పటి ఇంజనీర్ల నీలి ప్లానులు దాని సంతానమే. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసైనైడ్ అనే రెండు లవణాల ద్రావణాలను కలిపి, కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టి, దాని మీద ఒక చింతరెమ్మ పెట్టి ఎండలో ఉంచితే, నీళ్ళతో కడిగాక నీలం మీద తెల్లని రెమ్మ నిలుస్తుంది. రసాయనాలు కలపడం, పూయడం పెద్దలే చేతితొడుగులు వేసుకొని చేయాలి. ఆకు ఏరడం, ఎండలో పెట్టడం, కడగడం పిల్లలకు వదలాలి. వేరే ఊళ్ళలో ఎండ కోసం ఎదురుచూస్తారేమో, మనకు ఆ కరువు లేదు.

పెన్నా గట్టు (జమ్మలమడుగు):

కుక్క కథ చదివాక బట్టమేక గారి వాదనకు తల ఒగ్గుతున్నాను. చిన్నవాడికి లెక్క వద్దు. పెద్దపిల్లకు మాత్రం అప్పుడప్పుడు ఉంచండి, నా ముసలి మాట కాస్త నిలబడుతుంది.

సెలవుల్లో గండికోటకు వస్తే రెండు జాగ్రత్తలు చెబుతాను. పెన్నా కోసిన ఆ లోయను నడిమధ్యాహ్నం తీస్తే ఎర్రబండలన్నీ చదునుగా, అట్ట మీద గీసినట్టు వస్తాయి. ఎండ పక్కనుంచి పడే ఉదయమో సాయంత్రమో తీస్తేనే లోతు తెలుస్తుంది. ఇక లోయ అంచున ఫోన్ తెరను చూస్తూ ఒక్క అడుగు కూడా వెనక్కు వేయకూడదు, ఎవరినీ వేయించకూడదు. అంచుకు దూరంగా పిల్లలను కూర్చోబెట్టి, కూర్చున్న చోటినుంచే తీయించండి. తరువాత మాధవరాయస్వామి గుడిలోకి, జామియా మసీదు ఆవరణలోకి తీసుకొని వెళ్తే, స్తంభాల నీడలూ కమానుల నీడలూ పిల్లలకు మధ్యాహ్నమంతా సరిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఫోటోలు కడిగించండి. ఫోన్‌లో ఉన్నవాటిని ఎవరూ మళ్ళీ చూడరు. నెలకు ఒక్కొక్కరు ఆరు ఏరి, నాలుగు బై ఆరు సైజులో కడిగించి ఆల్బంలో పెట్టండి. పనిలో పనిగా మీ అత్తగారి పాత ఆల్బం కూడా తీయించి, ఎవరు ఎవరో పిల్లల చేత అడిగించి రాయించండి. పాత ఫోటోల వెనక మెత్తని పెన్సిలుతోనే, ఒత్తకుండా రాయాలి. బాల్ పెన్నుతో రాస్తే ముందువైపు గీత తేలుతుంది. ఆల్బంలో ముఖాలు ఉండి పేర్లు పోయిన ఇళ్ళను నేను వందల్లో చూశాను.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

ఇరవై నాలుగు కడిగించాము. ఏరడానికే రెండు సాయంత్రాలు పట్టింది. మా వారు ఏరిన ఆరింటిలో నాలుగు ఆయన మోటారుసైకిలువి అని పిల్లలు పట్టుకొని ఏడిపించారు. పాత ఆల్బం తీస్తే, మా అత్తగారి పెళ్ళి ఫోటోలో వెనక వరుసలో నిలబడిన పదకొండు మందిలో ఆమె తొమ్మిది మందికి పేర్లు చెప్పారు. మిగిలిన ఇద్దరి కోసం ఆదోనిలోని ఆమె చెల్లెలికి ఫోన్ చేసి గంట మాట్లాడారు, ఒకరు దొరికారు.

కుక్క ఫోటోలలో ఆవలిస్తున్నదాన్ని పాప రెండు ప్రతులు కడిగించింది. ఒకటి తన బల్ల మీద ఉంది. రెండోదాన్ని బురుజు దగ్గర ఆ కుక్కకు రోజూ బిస్కెట్లు వేసే టీ బండి అన్నకు ఇచ్చింది. ఆయన దాన్ని పంచదార డబ్బాకు ఆనించి పెట్టుకొని, దాని పేరు రాజు అని చెప్పాడు. అప్పుడు పాప, మిమ్మల్ని కూడా తీయవచ్చునా అని ఆయనను అడిగింది.

గడియారస్తంభం గారూ, వచ్చే ఆదివారం మీ అట్టపెట్టె చేయబోతున్నాము. నల్లటి దుప్పటి దొరికింది. నూనె కాగితానికి బదులు వంటింట్లోని బటర్ పేపరు పనికివస్తుందా?

గడియారస్తంభం (అనంతపురం):

భేషుగ్గా పనికివస్తుంది. ముడతలు లేకుండా బిగించి అతికించండి. సూది మాత్రం మీ అత్తగారిని అడిగి పూసలు గుచ్చే సన్నటిది తీసుకోండి. గోనెసంచి కుట్టే దబ్బనం కాదు.